కూత పెట్టని గిటార్

మా అన్నకు చెవుడు ఒక్క రోజులో రాలేదు. పదిహేనేళ్ళు బొగ్గు బాయిలో డ్రిల్లు పట్టిన మనిషి. గోదావరిఖనిలో గనిని ఎవరూ గని అనరు, బాయి అంటారు. బాయిలో మందు పేలినప్పుడల్లా చెవుల్లోంచి కొంత కొంత పోయింది. ముందు చిన్నపిల్లల మాటలు వినిపించడం మానేశాయి, తర్వాత వదిన మాటలు, ఆ తర్వాత నావి. వదిన మాటలు పోయినందుకు ఆయనకేం బాధ లేనట్టుందే అని నేనంటే వదిన నవ్వేది.

"ముందుగాల సుత నీ అన్న నా మాట ఎప్పుడిన్నడు?" అనేది.

ఎనభైలు సగానికొచ్చేసరికి వెనకాల పళ్ళెం పడేసినా ఆయన తల తిప్పేవాడు కాదు. ఆయన గిటార్ వాయించే మనిషి కాకపోయి ఉంటే మేమంతా ఆ చెవుడుకు తొందరగానే అలవాటుపడేవాళ్ళం.

డెబ్బైలలో కార్మికుల క్లబ్బులో ఒక ఆర్కెస్ట్రా ఉండేది. పెళ్ళిళ్ళకూ, గణేశ్ మంటపాలకూ వాయించేవాళ్ళు. అందులో అన్నది కరెంటు గిటార్. మిగతావాళ్ళవి పలకల్లాగా పలుచగా, గట్టిగా ఉంటే అన్నది మాత్రం లోపల బోలుగా, లావుగా, పొట్ట మీద ఫిడేలుకు ఉన్నట్టు రెండు వంకర రంధ్రాలతో ఉండేది. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అన్నట్టు. కలకత్తా నుంచి వచ్చిన ఇంజనీరు ఒకాయన బదిలీ మీద వెళ్తూ దాన్ని అన్నకు ఇచ్చిపోయాడు. దానికో రోగం ఉండేది. ఆంప్లిఫయర్ కాస్త గట్టిగా పెడితే చాలు, ఎవరూ ముట్టకుండానే కూత పెట్టేది. పెళ్ళిపందిట్లోకి రైలింజను దూరిందేమో అన్నట్టు జనం ఉలిక్కిపడేవాళ్ళు. ఆర్కెస్ట్రా వాళ్ళు దాన్ని తిట్టని రోజు లేదు.

చెవులు పోయాక అన్న దాన్ని అటక మీద పెట్టేశాడు. రెండేళ్ళు ముట్టలేదు. ఒక మధ్యాహ్నం నేను క్వార్టర్‌కు వెళ్ళేసరికి ఇల్లంతా కూత. వదిన వంటింట్లో చెవుల్లో వేళ్ళు పెట్టుకుని నిలబడింది. అన్న మంచం మీద కూర్చుని, ఆంప్లిఫయర్‌ను మోకాళ్ళ దగ్గర పెట్టుకుని, గిటార్‌ను ఛాతీకి అదుముకుని ఉన్నాడు. నన్ను చూసి నవ్వాడు.

"ఇనవడ్తంది తమ్మీ!" అని అరిచాడు. చెవిటివాళ్ళకు తమ గొంతు ఎంత పెద్దదో తెలియదు కదా. "చెవులల్ల కాదు. గీ బొక్కలల్ల ఇనవడ్తంది."

బొక్కలంటే ఎముకలు. పక్కటెముకల మీద అరచేత్తో కొట్టి చూపించాడు. నేను నమ్మలేదు. అప్పుడు ఒక తీగను వదులు చేసి, గడ్డాన్ని గిటార్ అంచుకు ఆనించి, కళ్ళు మూసుకుని మళ్ళీ బిగించాడు. తీగ సరిగ్గా శ్రుతికి వచ్చి ఆగింది. తర్వాత పాత పాట ఒకటి మొదలుపెట్టాడు. ఒక్క చోట కూడా తప్పలేదు. నేను ఆయన పక్కన కూర్చుని, ఏం చేయాలో తెలియక, టీ తాగాను.

ఆర్నెల్లు బాగానే గడిచింది. బాగానే అంటే అన్నకు. పక్క క్వార్టర్‌లో రాత్రి షిఫ్టు చేసి పగలు పడుకునే మనిషి ఉన్నాడు. అతని భార్య వచ్చి గడపలో నిలబడేది. "పొద్దంత గా కూతేంది అక్కా, మా ఆయన పండుకోవాల్నా వద్దా? జర మా ముఖం సుత చూడుండ్రి" అనేది. ఆమె తప్పేం లేదు. ప్రతిసారీ పంచాయితీ నా మీదికి వచ్చేది, ఎందుకంటే అన్నకు వినపడదు, వదినకు జవాబు చెప్పే ఓపిక లేదు. మనసులో నేను ఆ పక్కింటామె వైపే ఉన్నాను. ఈ మాట ఇప్పుడు చెప్పుకోవాలి.

ఆ వానాకాలం క్వార్టర్ కప్పు కారింది. నీళ్ళు గిటార్ మీదే పడ్డాయి. జిగురు ఊడి పొట్ట పొట్టగా, వీపు వీపుగా విడిపోయింది. కరీంనగర్‌లో వడ్రంగికి ఇస్తే మేకులు కొట్టి ఇచ్చాడు. కుర్చీ బాగు చేసినట్టు చేశాడు పాపం. అది మళ్ళీ మోగలేదు. క్లబ్బులోంచి పలక గిటార్ తెచ్చి ఇస్తే అన్న ఒక్క నిమిషం ఛాతీకి పెట్టుకుని తిరిగిచ్చాడు.

"గిది బండరా," అన్నాడు. కరెంటు లేని మామూలు పెట్టె గిటార్ తెస్తే, "దోమ వాలినట్టుంది" అన్నాడు. కరెంటుదీ కావాలి, బోలుదీ కావాలి. అట్లాంటిది మా జిల్లాలో ఎవరి దగ్గరా లేదు. హైదరాబాద్ దుకాణాల్లో అడిగితే, అట్లాంటివి రావడం మానేసి చాలా ఏళ్ళయిందన్నారు.

నేను బస్సు కండక్టర్‌ని. అప్పుడు నా డ్యూటీ కరీంనగర్ నుంచి ఆదిలాబాద్. జగిత్యాల, ధర్మపురి, లక్సెట్టిపేట, ఖానాపూర్, నిర్మల్ మీదుగా. మా కండక్టర్లకు ఒక అలవాటు ఉండేది. పిల్లను చూడాలన్నా, బర్రె తప్పిపోయినా, దొరకని మందు కావాలన్నా ఒక కండక్టర్ చెవిన వేస్తే చాలు. అతను ఎదురొచ్చే బస్సు కండక్టర్‌కు చెప్తాడు, అతను ఇంకో లైనుకు చెప్తాడు. నాలుగు రోజుల్లో కబురు రెండు జిల్లాలు తిరిగి వస్తుంది. నేను గిటార్ గురించి కబురు వేశాను. లావు పొట్ట, రెండు వంకర రంధ్రాలు, వైరు పెట్టే చోటు ఉండాలి అని గుర్తులు చెప్పాను.

కబుర్లు వచ్చాయి. లక్సెట్టిపేటలో దిగి చూస్తే మీటలు నొక్కి వాయించే బుల్‌బుల్‌తార. ధర్మపురిలో ఒక హరికథ చెప్పే ఆయన ఇంట్లో తంబూర. నిర్మల్‌లో పొనికి కర్రతో చేసి నెమళ్ళు వేసిన బొమ్మ గిటార్, తీగలకు బదులు గీతలు. ఖానాపూర్‌లో ఒక రైతు ఇంట్లో నిజంగానే గిటార్ ఉంది. దుబాయి నుంచి వాళ్ళ అల్లుడు తెచ్చాడు. అదీ పలకే. ఆ ఇంట్లో వాళ్ళు నాకు అన్నం పెట్టి పంపించారు.

మా డ్రైవర్ నన్ను ఆట పట్టించేవాడు. "చెవిటోని ముందట శంఖం ఊదుడు విన్నగని, చెవిటోడే శంఖం ఊదుడు నీ దగ్గెరనే ఇంటున్ననే," అనేవాడు. నేను కూడా నవ్వేవాణ్ణి. రెండేళ్ళు తిరిగాను. సెలవు రోజున గోదావరిఖని పోతే అన్న మంచం మీద కూర్చుని ముందు నా చేతులు చూసేవాడు. ఖాళీగా ఉంటే, "ఏమాయెరా కండక్టర్, బస్సు ఇంక రాలేదా?" అని అరిచేవాడు. రాలేదని తల ఊపేవాణ్ణి. ఆ తల ఊపడం కూడా టికెట్ చింపినంత మామూలైపోయింది. నాకు అందులో బాధ ఉండేదని ఇప్పుడు చెప్తే అబద్ధం అవుతుంది. పొద్దున్నించి సాయంత్రం దాకా బస్సు కుదుపుల్లో నిలబడి నిలబడి నా ఒళ్ళు ఎప్పుడో మొద్దుబారింది. మనసు కూడా ఆ పక్కనే ఎక్కడో ఉండి ఉంటుంది.

చివరికి అది ఆదిలాబాద్‌లోనే దొరికింది. జిన్నింగ్ మిల్లులో ఫిట్టర్‌గా చేసిన ముసలాయన ఒకడు, వయసులో ఉన్నప్పుడు నాగ్‌పూర్‌లో బ్యాండులో వాయించాడట, తన గిటార్‌ను భజన మందిరంలో పెట్టుకుని వాయించుకుంటున్నాడు. వేళ్ళు వంకర్లు పోయి ఇక చేతకాక ఎవరికైనా ఇద్దామనుకుంటున్నాడు. నేను మందిరంలోకి అడుగు పెట్టి చూస్తే, అదే. లావు పొట్ట, రెండు వంకర రంధ్రాలు, అంచుల్లో కాలిన బెల్లం రంగు. ముసలాయన వాయించాడు. ఆంప్లిఫయర్ పూర్తిగా పెంచమన్నాను. పెంచాడు. కూత లేదు. ఆశ్చర్యంగా, ఎంత పెంచినా కూత లేదు.

"కూత పెట్టదా తాతా?" అన్నాను.

"నా దగ్గెర ఉన్నది ఎందుకు పెడ్తది? ఇరవై ఏండ్లాయె, ఒక్కనాడు పెట్టలే," అన్నాడు, గర్వంగా.

నాకు పక్క క్వార్టర్ ఆమె గుర్తొచ్చింది. అన్నకు గిటార్ దొరికింది, పంచాయితీ కూడా తప్పింది అనుకున్నాను. ఆయన అడిగింది ఇచ్చి, దుప్పట్లో చుట్టి, బస్సులో నా సీటు మీద దాన్ని పెట్టి, నేను కరీంనగర్ దాకా నిలబడే వచ్చి, అక్కణ్ణించి గోదావరిఖని పట్టుకుపోయాను.

అన్న దుప్పటి విప్పి చాలాసేపు చూశాడు. రంధ్రాల చుట్టూ వేలితో తడిమాడు. తర్వాత ఛాతీకి అదుముకుని వాయించాడు. కళ్ళు మూసుకున్నాడు. "ఇంక జర పెంచు," అన్నాడు. పెంచాను. గిటార్‌ను ఎడమ పక్కటెముకల మీది నుంచి కుడి పక్కకు మార్చాడు. లేచి నిలబడ్డాడు. మళ్ళీ కూర్చుని గడ్డం ఆనించాడు. "ఇంక పెంచు," అన్నాడు. అదే ఆఖరు అని సైగ చేశాను. కూత లేదు చూడు అని కూడా సైగ చేశాను, చెవులు మూసి తెరిచి, నవ్వుతూ. పక్కింటామె గడపలోకి వచ్చి, "గిది ఎంత ఇంపుగుంది అన్నా," అని మెచ్చుకుని పోయింది. అన్న కళ్ళు తెరిచి నా వైపు చూశాడు.

"మంచిగుందిరా," అన్నాడు. అంత చిన్న గొంతుతో ఆయన మాట్లాడగా నేను ఎన్నో ఏళ్ళుగా వినలేదు.

నేను ఇంటికి వెళ్ళి హాయిగా నిద్రపోయాను.

ఆ తర్వాత అయిదేళ్ళు, నేను వెళ్ళిన ప్రతిసారీ అన్న గిటార్ తీసి ఒక పాట వాయించేవాడు. శ్రుతి కొంచెం అటూ ఇటూగా ఉండేది. వయసు అనుకున్నాను. తర్వాత దగ్గు పట్టుకుంది. బాయి మనుషులకు అది కొత్త కాదు. ఒక ఎండాకాలం పోయాడు. కబురు నాకు నిర్మల్ బస్టాండులో ఎదురు బస్సు కండక్టర్ ద్వారా వచ్చింది. మిగిలిన టికెట్లు డిపోలో లెక్క అప్పగించి వెనక్కి వచ్చాను. అందరూ ఏడ్చారు. నాకు ఏడుపు రాలేదు. కట్టెలు సరిపోతాయా లేదా అని చూసుకుంటూ తిరిగాను.

క్వార్టర్ ఖాళీ చేసి వదిన మంథనిలో వాళ్ళ తమ్ముడింటికి వెళ్ళేటప్పుడు గిటార్‌నూ ఆంప్లిఫయర్‌నూ నాకిచ్చింది. ఇస్తూ చెప్పింది.

"చెప్పొద్దన్నడు గని, ఇప్పుడు చెప్తున్న. నువ్వు తెచ్చిన్నాడే అన్నడు నాతోని, బొక్కలు సుత చెవిటియయినయే అని. ఏం ఇనవడలేదట. తమ్ముడు రెండేండ్లు తిరిగిండు, వానికి చెప్పకు అన్నడు. నువ్వచ్చిన్నాడే తీస్తుండె దాన్ని. మిగిలిన దినాలు ముట్టలే."

నేను విన్నాను. చెవుడు ముదిరింది, ఎముకల దాకా పోయింది అనుకున్నాను. గిటార్‌ను తీసుకొచ్చి కరీంనగర్‌లో మా ఇంట్లో బీరువా మీద పెట్టాను. ఏడాదో, ఇంకా ఎక్కువో అక్కడే ఉంది.

ఒక ఆదివారం దుమ్ము దులుపుతుంటే వంకర రంధ్రంలోంచి పత్తి పోగు ఒకటి బయటికి వేలాడుతోంది. ఎలుక గూడు పెట్టిందనుకుని లాగాను. వస్తూనే ఉంది. సైకిల్ పుల్ల వంచి లోపలికి పెట్టి లాగాను. గింజలతో సహా ముద్దలు ముద్దలుగా, మిషన్ నూనె వాసనతో, దుమ్ము పట్టి చెక్క రంగులో కలిసిపోయిన పత్తి. ఎలుక అంత పత్తి తేలేదు. రెండు దిండ్లకు సరిపోయేంత పత్తి నేల మీద పడింది. కూత రాకుండా ఆ ముసలాయన ఇరవై ఏళ్ళ కింద ఆ పొట్టలో గొంతు దాకా పత్తి కుక్కి ఉంటాడు. జిన్నింగ్ మిల్లు మనిషి, ఆదిలాబాద్‌లో పత్తికేం కరువు? దాచాలని కాదు, చెప్పాలని కూడా తోచి ఉండదు. భజనలో కూర్చునేవాళ్ళకు అది బాగు చేయడమే.

వైరు పెట్టి, ఆంప్లిఫయర్ పెంచి, చొక్కా విప్పి గిటార్‌ను ఛాతీకి అదుముకున్నాను. ఒక తీగ మీటాను. కూత వచ్చింది. ఆ కూతతో పాటు నా పక్కటెముకలు ఒక్కొక్కటీ వణికాయి, పళ్ళు కూడా. అన్న ఎముకలకు ఏమీ కాలేదు. ఆ పత్తి లేకపోతే అయిదేళ్ళూ ఆయనకు వినపడి ఉండేది.

మరుసటి వారం మంథని వెళ్ళాను. వదిన వాకిట్లో చింతపండును రాయితో కొట్టి గింజలు తీస్తోంది. ఎట్లా మొదలుపెట్టాలో తెలియక పత్తి సంగతి ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఆమె చేతిలో రాయి ఆగిపోయింది.

"అయితే గా పత్తి లేకుంటే ఆయనకు ఇనవడుతుండె," అంది.

"ఇనవడుతుండె వదినా."

"బొక్కలు మంచిగనే ఉండె."

"ఉండె."

ఆమె రాయి పక్కన పెట్టింది. తర్వాత నా ముఖంలోకి చూసింది. కోపం లేదు, అదే భరించలేకపోయాను.

"గీ ముచ్చట నాకెందుకు చెప్పినవ్ తమ్మీ? ఆయన వద్దన్నది నీకు చెప్పి నేను మాట తప్పిన. దాచిపెట్టుడు నీ అన్నకు ఒక్కనికే వచ్చింది."

ఆమె మళ్ళీ రాయి ఎత్తి గింజ కొట్టడం మొదలుపెట్టింది. నేను ఇంకో రాయి తీసుకుని ఎదురుగా కూర్చున్నాను. పొద్దుగూకేదాకా ఇద్దరం చింతగింజలు కొట్టాం.