కరెంటు నీళ్లు

పుష్పావతి నీళ్లలో కరెంటు కలిపి కాలువలోకి వదులుతుందని సూళగిరి పక్కన మా ఊళ్లో చెప్పుకునేవారు. ఆ నీళ్లు తాగే ఆంజప్ప మేకలు రెండు చచ్చాయట. ఆమె మోసుకెళ్లే ఉప్పు మూటలు శవాలు పూడ్చడానికేనట.

ఎనిమిదో తరగతిలో చదువు మానేసి, నేను ఊరి చివరి చెత్తగుట్ట దగ్గర ప్లాస్టిక్ ఏరుతున్నాను. పుష్పావతి పని చేసే షెడ్డు నాకు ఎదురుగానే ఉంటుంది. గుట్టలోంచి ఊరే నల్లనీళ్లు ఒక గుంటలో చేరతాయి. ఆమె వాటిని శుభ్రం చెయ్యడానికి మోటారుతో తొట్టిలోకి ఎక్కించి, ఉప్పు వేసి, లోపలి రేకులకు కరెంటు ఇస్తుంది. నురగ లేస్తుంది, బ్లీచింగ్ పౌడరు వాసన వస్తుంది. కాలువలోకి వచ్చేసరికి ఆ నీళ్లు పలచటి టీ రంగులో ఉంటాయి.

మొన్నటి వానలకు గుంట అంచుదాకా నిండింది. ఆ పొద్దునే ఆంజప్ప నలుగురిని వెంటబెట్టుకొచ్చి మెయిన్ స్విచ్ దించేశాడు. మోటారు ఆగిపోయింది. గుంట పొంగితే నల్లనీళ్లు నేరుగా బావుల్లోకే.

"స్విచ్ వెయ్యన్నా. గుంట పొంగుతా ఉండాది," అంది పుష్పావతి.

"మేకలు చచ్చినాయి. ఇంక మనుషులా?"

"అవి తాగింది గుంటలోని నల్లనీళ్లన్నా. కాలువలో కరెంటు ఉండదు. చూడు, చెయ్యి పెడతాను."

"ఓహో! కరెంటు తీసేసినాక ఎవురైనా పెడతారు. మా ముసిలిది కూడా పెడతాది."

అందరూ నవ్వారు.

"అయితే వెయ్యి. వేసినాకే పెడతాను."

నవ్వులు ఆగిపోయాయి. షెడ్డు గోడలు వానకు తడిసి ఉన్నాయి, కరెంటు ఎటైనా పాకొచ్చు. ఆమె వైర్ల పెట్టె వైపు ఒకసారి చూసింది. ఆ చూపులో ధైర్యం లేదు. "వద్దక్కా" అనబోయాను.

అంతలోనే ఆంజప్ప స్విచ్ ఎత్తాడు. తొట్టి గుయ్యిమంది. పుష్పావతి మోకాళ్ల మీద కూర్చుని, తొట్టి నీళ్లు కాలువలోకి దూకే చోట చెయ్యి మోచేతిదాకా ముంచింది. కళ్లు గట్టిగా మూసుకుంది. నేను ఆమె భుజాన్నే చూస్తున్నాను.

"తియ్యమ్మా, సచ్చిపోతావు!" ఆంజప్పే అరిచాడు.

"మళ్లీ దించనంటే తీస్తాను."

"దించను తల్లీ, తియ్యి!"

తీసింది. వెంటనే మోటారు దగ్గరికి పరిగెత్తింది. గుంట పొంగలేదు.

పుష్పావతికి కరెంటు కొట్టదని ఇప్పుడు ఊళ్లో చెప్పుకుంటున్నారు. గుంట పొంగితే నల్లనీళ్లు మొదట చేరేది ఆమె బావికే. ఆమె పిల్లలు తాగేది ఆ బావి నీళ్లే.