మామయ్య చేయించిన బస్సు, ఆటో లెక్క

"ఇంక కంగారేటీ నేదమ్మా, నెమ్మదిగానే రా," అని అత్తయ్య ఫోన్లో అన్నప్పుడు నేను ఇంటిదారిలో ఉన్న మాంగో వంతెన మీద, ట్రాఫిక్‌లో ఆటోలో ఇరుక్కుని ఉన్నాను. అంతకుముందు ఆవిడే "మీ మావయ్యకి ఆయాసం ఎక్కువైంది, నీకోసం అడుగుతన్నారు, బేగి రా" అంది. నెమ్మదిగా రమ్మనేసరికి అర్థమైపోయింది. ఇంట్లోనే ఉంచుకోండని డాక్టరు ముందే చెప్పినా, మా మామగారు పోయారన్న మాట అలా రోడ్డు మీద వింటాననుకోలేదు.

స్కూలు దగ్గర బస్సు కదలడానికి సిద్ధంగా ఉంది. తొందరగా చేరతానని దాన్ని వదిలి ఆటో ఎక్కాను. బస్సెక్కి ఉంటే ఆయన్ని ప్రాణంతో చూసేదాన్నా? ఇదే నన్ను తినేస్తోంది. దీనికి జవాబు ఆయనే ఎప్పుడో చెప్పి వెళ్లారంటే మీరు నమ్మరు.

ఆయన ట్రక్కుల కర్మాగారంలో ఇన్‌స్పెక్షన్ సెక్షన్‌లో చేసి రిటైరయ్యారు. నేను టెల్కో కాలనీలో లెక్కల టీచర్ని. కొత్తలో పిల్లల చేత గ్రాఫింగ్ కాలిక్యులేటర్ మీద కై స్క్వేర్ పరీక్ష చేయించమన్నారు. రెండు విషయాలకి సంబంధం ఉందో లేదో తేల్చే లెక్క అది. నాకు ఆ మిషనంటే హడలు. ఏడుపు మొహంతో కూర్చుంటే మామయ్య కుర్చీ లాక్కుని వచ్చారు.

"ఏటమ్మా అది, ఇలా తే. మేం కాయితం మీద చేసీవోళ్లం."

ఆ రోజుల్లో అత్తయ్య నన్ను సాధిస్తుండేది. "బస్సు కోసం ఏల కాసుక్కూచుంటావే? ఆటో ఎక్కితే బేగి వచ్చీదానివి కాదేటి?"

"ఉండవే, లెక్కేసి చెప్తాం," అన్నారు మామయ్య.

నాలుగు గడులు గీశారు. బస్సు, ఆటో అడ్డంగా. వేళకి, ఆలస్యం అన్నవి నిలువుగా. రోజూ పొద్దున్న గుమ్మంలో రూపాయి ఎగరేసి, సాయంత్రం దేంట్లో రావాలో ఆయనే చెప్పేవారు. "నీ ఇష్టానికొదిల్తే వానొచ్చినప్పుడల్లా ఆటో ఎక్కెత్తావు. లెక్క పాడైపోద్ది." ఇంటికి రాగానే చెప్పులు విప్పకముందే వేళకొచ్చానో లేదో తేల్చేవారు. టీ ఆ తర్వాతే.

నాకు ఆత్రం. కాసిని రోజులకే అంకెలు మిషన్లో మాట్రిక్స్ ఎ అనే పట్టికలో వేసి మీట నొక్కబోతే చెయ్యి పట్టుకుని ఆపారు. సంబంధమే లేకపోతే ఏ గడిలో ఎంత రావాలో ముందు పెన్సిల్‌తో కట్టించారు. "గడికి అయిదైనా రావాల. అంతవరకూ ఆగు."

"మిషను ఒప్పుకుంటోంది కదా మామయ్యా."

"దానికేటి తెలుసు? ఉప్పేసినా పంచదారేసినా మిక్సీ తిరుగుద్ది."

ఆగాం. చివరికి మీట నొక్కాక, మిషను తనే కట్టుకుని మాట్రిక్స్ బి లో పెట్టుకున్న అంకెల్ని నా పెన్సిల్ అంకెలతో సరిచూశారు. కలిశాయి. "పాస్," అని బల్ల మీద వేలితో కొట్టారు. ఇప్పటికీ నా పిల్లలు ముందు పెన్సిల్ పట్టాల్సిందే. నేను టీచర్నని నిలబడ్డానంటే ఆయన చలవే.

p విలువ, అంటే ఏ సంబంధం లేకపోయినా ఇంత తేడా కాకతాళీయంగా వచ్చే అవకాశం, పెద్దగా వచ్చింది. "అత్తయ్యకి చెప్పేయనా, తేడా లేదని?" అన్నాను సంబరంగా.

మామయ్య నన్ను కసిరింది ఆ ఒక్కసారే. "తేడా నేదని ఎవలన్నారు? మనకి కనపళ్లేదు, అంతే. అలాగే చెప్పు."

ఇప్పుడు ఓదార్చడానికి వచ్చినవాళ్లందరూ ఒకటే మాట, ఏదెక్కినా అదే వంతెన కదా అని. నేనూ తలూపుతాను. అంతలో ఆ కసురు వినబడుతుంది, గుండె తరుక్కుపోతుంది. ఆయనే ఉంటే "అలా కాదు మామయ్యా, నాకోసం ఒక్కసారి తేడా లేదని చెప్పండి" అని కాళ్లు పట్టుకుందును.

దినాలైన మర్నాడు కాలిక్యులేటర్ తీశాను. ఆ పాత అంకెలు నాకు కంఠతా వచ్చు. మళ్లీ వేశాను. ఆటో, ఆలస్యం అన్న గడికి ఒకటి కలిపాను. ఆ రోజు రూపాయి ఎగరేసినవాళ్లెవరూ లేరు, కలపకూడదని తెలుసు. అయినా కలిపాను. p కాస్త కదిలింది, అంతే. వానలో ముద్దయి వచ్చి ఆయన పక్కన కూర్చుని పకోడీలు తిన్న రోజూ ఆ గడిలో ఒకటే, నాకోసం అడుగుతూ అడుగుతూ ఆయన పోయిన రోజూ ఒకటే.