ఎంతన్న

బోధన్ బజారులో రాజనర్సు అంటే ఎవరికీ తెలియదు. ఎంతన్న అంటే మాత్రం చంకలో ఉన్న పిల్ల కూడా వేలు పెట్టి చూపించేది. ఎందుకంటే ఆ పిల్ల చేతిలో గిలక్కాయ చూసి కూడా "గిదెంతకు తెచ్చినవక్కా?" అని తల్లిని అడిగే ఉంటాడు. కంటికి కనపడ్డదాని ధర అడగాలి. అడగకపోతే అతనికి అన్నం అరగదు.

ఊరు వేల్పూరు, పసుపు పండించే ఇల్లు. హైదరాబాదులో ఎకనామిక్స్ చదువు. చదువు ఆఖర్న రెండు నెలలు పని నేర్చుకొమ్మంటే రిజర్వు బ్యాంకులో చోటు దొరికింది. కొడుకు ఫ్యాను కింద కూర్చుంటాడని తల్లి సంబరపడ్డది. బ్యాంకు వాళ్లేమో, "చెరుకు సీజను నడుస్తోంది. బోధన్ పోయి బజార్ల ధరలు తెలుసుకొని వారం వారం పంపు" అన్నారు. వచ్చిన మొదటి రోజే జవాను తలపాగా ధర, ఆఫీసరు కండ్లద్దాల ధర అడిగిన పిల్లవాడికి ఇంతకన్నా తగిన పని ఇంకేముంటుంది?

అట్లా వచ్చి ఈరవ్వ ఇంట్లో ముందరి గదికి కిరాయికి దిగాడు.

ఈరవ్వ మాట్లాడడం మానేసి అప్పటికి ఏడాది. పెనిమిటి కాశయ్య చెరుకు ఫ్యాక్టరీలో బండ్లు తూచే కాంటా దగ్గర పని చేసేవాడు. పోయిన సీజనులో జ్వరమొచ్చి మూడు రోజుల్లో పోయాడు. ఆనాటి నుంచి ఆమె గడప దాటలేదు. వండితే వండేది, లేకపోతే లేదు. పక్కింటి మహబూబీయే కూరగాయలు తెచ్చి పెట్టేది. ఏమడిగినా ఈరవ్వ జవాబు ఒకటే, "ఊఁ."

"అరె అల్లా! ఈ ఊఁతోటి ఎన్ని దినాలు బతుకుతవక్కా? నువ్వు బజారుకొస్తె అంగళ్లోళ్లు తక్కెడలు దాసుకుంటుండ్రి. గా ఈరవ్వ ఏడవోయింది? గిట్లనే ఉంటె నువ్వు దక్కవు" అని మహబూబీ ఏడ్చినంత పని చేసేది.

"ఊఁ" అనేది ఈరవ్వ.

గదిలో దిగిన రోజే ఎంతన్న వాకిట్లో నిలబడి, "అవ్వా, గీ రోలెంత?" అని అడిగాడు. ఈరవ్వ లోపలికి పోయింది. "గీ నులక మంచమెంత?" ఈరవ్వ తలుపేసుకుంది. ఏడాదిలో ఆమె తనంతట తాను చేసిన మొదటి పని అది.

బజారులో అతని కథలు ఒకటి కాదు. మంగలి సిద్దిరాములు గడ్డం గీస్తుండగా, "గీ కత్తెంతకు తెచ్చినవే?" అన్నాడు. సిద్దిరాములు గుర్తు చేసుకుంటూ కత్తి ఆడించాడు. గుర్తుకొచ్చేసరికి ఎంతన్న మీసం ఒక పక్కది లేదు. అద్దం చూసుకొని ఏమన్నాడు? "అద్దం మంచిగున్నది. ఎంత?"

ఒక పెండ్లిలో గుర్రమెక్కిన పెండ్లికొడుకును ఆపి గుర్రం కిరాయి అడిగాడు. వాడు అమాయకుడు, ఉన్నదున్నట్టు చెప్పాడు. ఆ కిరాయి ఇవ్వాల్సిన పిల్ల తండ్రికి అంతకు రెండింతలు చెప్పి ఉన్నారట. లగ్గం అక్కడే గంటసేపు ఆగింది. ఆ గుర్రం కూడా ఎంతన్న వంకే చూసిందని చెప్పుకున్నారు.

ఇక నోట్లు అచ్చేసే బ్యాంకు నుంచి వచ్చాడని తెలిశాక జనం ఊరుకుంటారా? చినిగిన నోట్లు, నూనె నోట్లు, ఎలుక కొరికిన నోట్లు పట్టుకొని పొద్దున్నే వాకిట్లో కూర్చునేవారు. ఒక ముసలి రైతు అయితే, "నోటు మీద మా చెరుకు గడ బొమ్మ ఎయ్యమని చెప్పు బిడ్డా. నీకు పుణ్యముంటది" అని రోజూ వచ్చేవాడు. ఎంతన్న అన్నింటికీ తల ఊపి, ఆఖరికి, "తాతా, మీ గొంగడెంత?" అనేవాడు.

నాలుగో రోజు సాయంత్రం అతను సంచిలో వంకాయలు తెచ్చి గడప ముందర పెట్టాడు.

"అవ్వా, జర ఉప్పేసి వండుండ్రి. సేరు ఆఠాణా పడ్డది."

లోపల గిన్నె కింద పడ్డ చప్పుడైంది.

"ఎంత?" అన్నది ఈరవ్వ.

"ఆఠాణా."

"ఆఠాణానా? పుచ్చు వంకాయలు సేరు ఎనిమిదణాలా? ముంచిన్రు! నిన్ను నిలువున ముంచిన్రు! కండ్లు బజార్ల పెట్టి తిరిగినవా? ఏ పాపాత్మురాలు అమ్మింది?"

"గా చింతచెట్టు కింద నాగవ్వ."

"నాగవ్వనా! దాని జిమ్మడ..."

గోడవతల మహబూబీ చేతిలోని చాట వదిలేసింది. ఏడాది తర్వాత వినబడ్డ గొంతు అది.

ఆనాటి నుంచి రోజూ ఇదే తంతు. ఎంతన్న బెండకాయలు తెస్తాడు, ధర చెప్తాడు, ఈరవ్వ తిడుతుంది. చీపురు తెస్తాడు, తిడుతుంది. తిట్టి తిట్టి ఆకలేసి తానూ ఇంత తింటుంది. "గింత చదువు చదివి గిట్లెట్ల మునుగుతవురా? నీ ఎకనామిక్సు అగ్గిల బడ!" అనేది. ఎంతన్న రెండు చేతులూ కట్టుకొని, ప్రసాదం అందుకున్నట్టు అన్నీ అందుకునేవాడు.

మధ్యలో ఒకసారి బ్యాంకు నుంచి ఆఫీసరు బాపురావు జీపులో వచ్చాడు. "నీవు పంపిన ధరలు మేము మళ్లీ విచారించినం. ఒక్క పైస తేడా లేదు. గట్టోడివి!" అని భుజం తట్టాడు. తలుపు వెనక ఈరవ్వ ముక్కున వేలేసుకుంది. రోజూ మునిగొచ్చే పిలగాడు గట్టోడా? "పాపం, ఈ ఆఫీసరును కూడ ఎవరో ముంచుతున్నరు" అనుకుంది. జీపు కదిలేదాకా ఎంతన్న దాని టైర్ల ధర అడుగుతూనే ఉన్నాడు.

సీజను ఆఖరుకొచ్చింది. ఆ వారం బెల్లం ధర పడిపోయింది. ఎందుకు పడ్డదో బెల్లం అంగళ్లవాళ్లు కూర్చొని ఆలోచించారు. సోమవారం ఎంతన్న వచ్చి ధర అడిగాడు, మంగళవారం ధర పడ్డది. ఇంకేం కావాలి సాక్ష్యం?

మహబూబీ ఉరుకుతూ వచ్చింది. "అక్కా! నీ ఎంతన్నను సంతల పట్టుకున్నరు! బెల్లం దిమ్మ మీద కూసోబెట్టిన్రు. అడిగింది వాపస్ తీసుకొమ్మంటున్నరు!"

"అడిగింది వాపస్ ఎట్ల తీసుకుంటడే?"

"నాకేం తెలుసు? కట్టేస్తమని తాడు తెస్తె, గీ తాడెంతన్నా అని అడుగుతుండు!"

ఈరవ్వ పొయ్యి మీది పాలు దించలేదు, తలుపు వేయలేదు. కొంగు నడుముకు చెక్కుకొని గడప దాటింది. దాటినట్టు ఆమెకే తెలియదు. వెనక మహబూబీ చూసింది. చూసి, నోరు మూసుకొని వెంట నడిచింది.

ఈరవ్వను చూసి బజారు ఒక్కసారి గప్‌చుప్ అయ్యింది. ఇద్దరు ముగ్గురి చేతులు వాటంతటవే తక్కెడ మీదికి పోయాయి.

"ఎవడ్రా నా పిలగాన్ని కూసోబెట్టింది? పిలగాడు అడిగితె ధర పడుతదా? మరి ఇన్నేండ్లు నేనడిగిన, మీ అంగళ్లు మునిగినయా?"

"నువ్వడిగినప్పుడు గదే భయముండె వదినా" అని ఒక బెల్లపాయన అన్నాడు. జనం గొల్లుమన్నారు. నవ్వాక కోపం నిలబడదు. తాడు తెచ్చినవాడు తాడును అంగీ వెనక దాచుకున్నాడు.

ఈరవ్వ అంతటితో ఆగలేదు. చింతచెట్టు కిందికి తిరిగింది.

"నీ సంగతేందే నాగవ్వా? పరాయి పిలగానికి సేరు వంకాయలు ఆఠాణాకు అంటగడుతవా?"

నాగవ్వ నోరు తెరిచింది. "ఆఠాణానా? చారాణాకిచ్చిన, నాలుగంటె నాలుగణాలు! అది గూడ గంటసేపు పీడించి, కొసరుగ కొత్తిమీర గుంజుకొని పోయిండు. గీ బజార్ల నీ తర్వాత మమ్ముల గింత సతాయించినోడు లేడక్కా!"

"బెండకాయలు?"

"గవీ గట్లనే."

ఈరవ్వ తిరిగి చూసింది. బెల్లం దిమ్మ మీద ఎంతన్న తల వంచుకొని, అంటుకున్న పంట్లాన్ని మెల్లగా ఊడదీసుకుంటున్నాడు. జీవితంలో మొదటిసారి ఏ ధరా అడగకుండా కూర్చున్నాడు.

ఇంటికి నడిచేటప్పుడు సగం దారిలో ఆమె ఆగి అతని వైపు తిరిగింది.

"అబద్ధమెందుకు చెప్పినవురా?"

"బ్యాంకుకు నిజమే రాసిన అవ్వా."

"నాకు?"

"నిజం ధర చెప్తె నువ్వు ఊఁ అంటవు. గంతే."

ఈరవ్వకు కాశయ్య గుర్తొచ్చాడు. ఏ అంగట్లోనూ ధర అడగని మనిషి. చెప్పినంత ఇచ్చి వచ్చి, సంచి గడప ముందర పెట్టి, తిట్లన్నీ తిని నవ్వేవాడు. ప్రతి సాయంత్రం అంతే.

"గా సంగతి నీకెవరు చెప్పిన్రు?"

ఎంతన్న మహబూబీ వంక చూశాడు. మహబూబీ మాత్రం ఎవరిదో కోడిని చాలా శ్రద్ధగా చూస్తూ నడుస్తోంది.

వారం తర్వాత, రెండు నెలల పని ముగిసి వెళ్లిపోతూ, నిజామాబాద్ బస్సు దగ్గర ఎంతన్న ఆమె చేతిలో ఒక కొత్త కూరగాయల సంచి పెట్టాడు. గట్టి గుడ్డ, ఎర్ర అంచు.

ఈరవ్వ దాన్ని అటూ ఇటూ తిప్పింది, కుట్లు లాగి చూసింది. "గిదెంతకు తెచ్చినవు?"

"అయిదు రూపాయలు."

రెండు రూపాయలకు ఒక్క పైస ఎక్కువ చేయదని ఆమెకు తెలుసు. ఆమెకు తెలుసని అతనికి తెలుసు.

"ముంచిన్రు! నిన్ను నిలువున ముంచిన్రు!" అని ఈరవ్వ కదిలిన బస్సు వెంట నాలుగడుగులు నడిచి మరీ తిట్టింది. కిటికీలోంచి ఎంతన్న చేతులు కట్టుకొని అందుకున్నాడు, తర్వాత కండక్టరు వైపు తిరిగాడు. ఏమడిగాడో వేరే చెప్పాలా?

బస్సు మలుపు తిరిగింది. ఈరవ్వ సంచి చంకన పెట్టుకొని మహబూబీతో, "పా, నాగవ్వ దగ్గరికి. ఇన్ని దినాలు నన్నడగకుంట చారాణాకు అమ్మిందట. మూడణాలకు మించి ఎందుకియ్యాలె?" అన్నది.