అన్నం తినే పోయింది

ఆత్మకూరు నుంచి వదిన ఫోన్ చేసింది. "అత్త పోయింది పాపా. అన్నం తినే పోయింది," అని ఏడ్చింది. మా పెద్దమ్మ చావు కబురులో అన్నం మాట ఎందుకొచ్చిందో మీకు చెప్పాలి.

పెద్దమ్మ పుట్టిల్లు కొయ్య సామాన్లకు పేరుపడ్డ ఉదయగిరి. ఆ ఊరి కొయ్య గరిటె తప్ప వేరేది ముట్టేది కాదు. బియ్యంలో రాళ్ళు ఏరేటప్పుడు చేటను వెలుతురుకు తిప్పి తిప్పి చూసేది. "కనపడకపోతే లేనట్టా?" అనేది. నేనీవేళ ల్యాబ్‌లో మైక్రోస్కోప్ ముందు కూర్చున్నానంటే ఆ మాట చలవే.

ముసలితనంలో ఆమెకు మతిమరుపు పట్టుకుంది. తిని చెయ్యి కడుక్కుని అరుగు మీదకొచ్చి, కోడలు కూడు పెట్టలేదని దారినపోయేవాళ్ళతో చెప్పేది. వీధంతా నమ్మింది. పక్కింటావిడైతే గోడ మీంచి చాటుగా ఇడ్లీలు అందించేది. పెద్దమ్మ అవీ తిని మళ్ళీ ఆకలనేది. వదినకు బయట తలెత్తుకునే దారి లేకపోయింది. కుండకు మూకుడుంది గానీ లోకానికి మూకుడుందా?

ఒకరోజు మాత్రం పెద్దమ్మ మునుపటిలా తెలివిగా ఉంది. వదిన కళ్ళు తుడుచుకోవడం చూసి నన్ను దగ్గరకు పిలిచింది.

"నేను పోయినాక నా తలకాయలో ఏముండాదో చూడు పాపా. ఈ బిడ్డ మీద నింద పోవాల."

ఆ మాట కోసమే, బంధువులు గొణిగినా వినకుండా, ఆమె పోయాక కొడుకు, మా అన్న, మెదడును పరీక్షకు ఇస్తూ సంతకం పెట్టాడు. మెదడు మా ల్యాబ్‌కు చేరాకే తెలిసింది, ఆ పని ఎంత కష్టమో. పల్చటి పొరగా కోసి గాజు పలక మీద పరిస్తే ఏమీ కనపడదు. వెండి కలిపిన ద్రావణంలో నానబెట్టి రంగు పట్టించాలి. వేరేవాళ్ళకివ్వకుండా నేనే చేశాను. పసుపు మీద నల్లగా తేలాయి, మాడిన ఆవాల్లాంటి మచ్చలు, చిక్కుపడ్డ పోగులు. అల్జీమర్స్. ఏడుపొచ్చింది, మనసూ తేలికపడింది.

మాసికం రోజు ఆ మచ్చల ఫోటో వదినకు చూపించాను. చాలాసేపు చూసింది.

"నేను పెట్టిన అన్నం దీంట్లోనే పోయిందా పాపా?"

అవునన్నాను. వెనకనుంచి పక్కింటావిడా తొంగి చూసింది. గొంతు తగ్గించి, "మా ఆయన ఈమధ్య ఇంటి దోవ మరిచిపోతా ఉండాడు. యాడ చూపించాల?" అనింది.

వదిన ఏమీ దెప్పలేదు. చేతిలోని కొయ్య గరిటె పక్కన పెట్టి ఆమె పక్కనే కూర్చుంది. "ముందు అన్నం తిను. తర్వాత చెప్తా," అంటూ ఆమె ముందుకు విస్తరి జరిపింది.