ముత్తాత నిలబడిన చోటు

ఈ సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. రోజూ రాసే డైరీలో కూడా రాయలేదు. ఎవరైనా దయ్యాల మాటెత్తితే పుస్తకంలో తల దూర్చి నవ్వుకునే రకం నేను.

మాది గురజాల దగ్గర పల్లె. మా నాయనమ్మ తండ్రి కోటయ్య రెండో ప్రపంచ యుద్ధంలో బర్మా వెళ్లాడు. కంచరగాడిదల మీద సామాన్లు చేరవేసే దళంలో పని. అప్పటికి నాయనమ్మ ఇంకా కడుపులోనే ఉంది. ఆయన తిరిగి రాలేదు. చనిపోయినట్టు కబురూ రాలేదు. దళమంతా వరసగా నిలబడి తీయించుకున్న ఫొటో ఒక్కటే పోస్టులో వచ్చింది. అందులో అందరూ ఎండకు కళ్లు చికిలించారు. ముత్తాత ఒక్కడే కళ్లు విప్పి చూస్తుంటాడు.

ఆ ఫొటోకు మా ఇంట్లో ఎప్పుడూ దండ వేయలేదు. ఆయన భార్య చివరిదాకా బొట్టు తీయలేదు. "మొగుడు బర్మాలో ఇంకోదాన్ని కట్టుకున్నాడంట, ఇదేమో రూపాయంత బొట్టు పెట్టుకుని తిరగతంది" అని ఊళ్లో ఆడిపోసుకునేవాళ్లట. నాయనమ్మ ఆ మాటలు వింటూనే పెరిగింది.

ఎనభై దాటాక నన్ను ఒక్కటే అడిగింది. "ఏమే, ఆ ఫోన్లో అన్నీ దొరుకుతయ్యంటగా. మా నాయన చచ్చాడో, మమ్మల్ని వదిలేశాడో చూడవే."

నలుగురిలో మాట్లాడలేను గానీ రాయగలను. ఆ దళం గురించి దొరికినవన్నీ చదివి, పాత సైనికుల కుటుంబాల గ్రూపులో రాశాను. ముత్తాత పేరు, ఊరు చెప్పి, ఫొటోలో ఆయన మొహం వరకే కత్తిరించి పెట్టాను.

నడికుడి నుంచి ఒక రిటైర్డ్ రైల్వే ఉద్యోగి మెసేజ్ చేశాడు. ఆయన తాతదీ అదే దళం. "దళమంతా ఫొటో తీయించుకునే నాటికి మీ కోటయ్య లేడమ్మా. జ్వరంతో పోయాడు. మిగతావాళ్లు ఆయన చోటు వదిలేసి నిలబడ్డారని మా తాత చెప్పేవాడు" అని రాసి, వాళ్లింట్లో ఉన్న ఫొటో పంపాడు. చివర్లో, "మీరు పెట్టిన మొహం ఏ ఫొటోలోదమ్మా?" అని అడిగాడు.

అది మా ఫొటోనే. అదే వరస. అంచున తల తిప్పిన అదే కంచరగాడిద. మధ్యలో మాత్రం ఒక మనిషి పట్టేంత ఖాళీ, అందులోంచి వెనకనున్న గుడారం కనిపిస్తోంది.

మా దాంట్లో ఆయన్ని తర్వాత అతికించి ఉంటారనుకున్నాను. కానీ ముత్తాత నీడ పక్కవాడి కాలి మీద పడింది. నడికుడి ఫొటోలో ఆ కాలి మీద ఎండ ఉంది.

నడికుడి ఆయనకు జవాబివ్వలేదు. పోస్టు తీసేశాను. నాయనమ్మతో, జ్వరంతో పోయాడని మాత్రం చెప్పాను. ఖాళీ సంగతి చెప్పలేదు.

ఆమె గోడ మీది ఫొటో దింపించి చెంగుతో తుడిచింది. "మా అమ్మని ఉత్తపుణ్యానికి అన్నారు, ముదనష్టపోళ్లు" అంది. తనే బంతిపూల దండ గుచ్చి ఫొటోకు వేయించింది. ఆ రోజు నుంచి నేను ఆ గోడ వైపు చూడటం మానేశాను.

కొన్నాళ్లకు నాయనమ్మకు ఆయాసం ఎక్కువై నరసరావుపేట ఆసుపత్రిలో చేర్చాం. ఒక మధ్యాహ్నం, వార్డు నిండా జనం ఉండగా, నేను ఆమె మంచం అంచున కూర్చున్నాను. ఆమె పూర్తి తెలివిలోనే ఉంది. నా భుజం మీదుగా చూస్తోంది, ఎండలోకి చూసినట్టు కళ్లు చికిలించి.

నేను చెప్పనిది ఆమెకెలా తెలిసిందో నాకిప్పటికీ అంతుపట్టలేదు. ఆమె చివరిగా అన్న మాట ఇదే.

"జరగవే. అంతమందీ ఆయనకి చోటొదిలి నిలబడితే, నువ్వు అడ్డం కూర్చున్నావేంది?"