చివరి రెండు అంకెలు

మూడేళ్లుగా మోస్తున్న మాట ఇది. రోజూ డైరీ రాసేదాన్ని, అందులో కూడా రాయలేదు. తప్పిపోయిన ఒక పెద్దాయన ఎక్కడున్నాడో నాకు తెలుసు. ఆయన బతికి ఉండగానే తెలుసు. చెప్పలేదు.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నానేమో.

ధర్మవరంలో ఒక వీడియో మిక్సింగ్ షాపులో పని చేస్తాను. పెళ్లి వీడియోలు, పట్టుచీరల ప్రకటనలు. లోకల్ టీవీకి చేసింది అడ్డంగా ఉంటుంది. ఫోన్లలో చూసేవాళ్లకు దాన్నే నిలువుగా మార్చాలి. ఫోటోలు, అక్షరాలు, కింది పట్టీ అన్నీ కొత్త కొలతకు మళ్లీ సర్దాలి. మనుషులతో పెద్దగా మాట్లాడక్కర్లేని పని. నాకు నచ్చిందీ అందుకే.

ఒక మధ్యాహ్నం మా వీధిలో మగ్గం నేసే చౌడక్క వచ్చింది. వాళ్ల నాయనకు మతిమరుపు. పొద్దున టీ తాగడానికి వెళ్లి తిరిగి రాలేదు. ఆయన ఫోటో, తన ఫోన్ నంబరు ఇచ్చింది. ముందు టీవీకి అడ్డంగా చేశాను. ఒక పక్క ఫోటో, కింద ఎర్ర పట్టీ మీద నంబరు. దాన్ని నిలువుకు మార్చేసరికి ఆయన ముఖం చిన్నదైపోయింది.

"ఏం పాపా, మా నాయన మొగం గోరంత పెడితే ఎవురు గుర్తుపడతారు? పెద్దగా చెయ్."

"చేస్తానక్కా."

అన్నిటినీ ఒకేసారి పట్టుకుని లాగాను. ముఖం తెర నిండా వచ్చింది.

"ఇప్పుడు మా నాయన మాదిరి ఉండాడు" అంది, కొంగుతో కళ్లు తుడుచుకుంటూ.

ముఖంతో పాటు పట్టీ కూడా పెరిగింది. నంబరులో చివరి రెండు అంకెలు తెర బయటికి పోయాయి. నేను చూడలేదు. ఇద్దరమూ ముఖాన్నే చూస్తున్నాం. అలాగే షాపు పేజీలో పెట్టేశాను.

ఇంతవరకూ పొరపాటే. ఆ తర్వాతది కాదు.

మర్నాడు సాయంత్రం పేజీ తెరిచాను. చేతులు జోడించిన బొమ్మల మధ్య, పొద్దున ఎవరో పెట్టిన కామెంటు ఒకటి ఉంది. "ఈ పెద్దాయన గుంతకల్లు స్టేషన్ బయట మా టీ అంగడి కాడ కూర్చోనుండాడు. నంబరులో రెండు అంకెలు లేవు. సరిగా పెట్టండప్పా."

చౌడక్క ఇల్లు మా ఇంటికి నాలుగు గుమ్మాల అవతల. వెళ్లి ఒక్క మాట చెబితే చాలు. చెబితే, పొద్దుటి నుంచి ఫోన్ ఎందుకు రాలేదని అడుగుతారు, నంబరు నేనే కోసేశానని వీధంతా తెలుస్తుంది, నలుగురిలో తలెత్తి మాట్లాడలేని నేను వాళ్లందరికీ జవాబు చెప్పుకోవాలి. నంబరు సరిచేశాను. కొత్త వీడియో పెట్టి పాతది తీసేశాను. దానితో పాటు ఆ కామెంటూ పోయింది. అంగడాయన కొత్తది చూస్తాడులే, ఫోన్ చేస్తాడులే అనుకున్నాను. నిజంగా అనుకున్నానా? అలా అనుకోవడం నాకు సులువనా?

ఫోన్ రాలేదు. రెండు రోజులకు గుంతకల్లు దాటాక పట్టాల పక్కన ఒక చేలో ఆయన శవం దొరికింది. ఎండదెబ్బ అన్నారు. వానలు లేక ఆ ఏడు విత్తనం పడని చేను. అటు వెళ్లే మనిషే లేడు.

ఇది రాసినందువల్ల ఆయన రాడు. క్షమించమని అడగడానికీ నాకు నోరు లేదు. కానీ మాట నాలోంచి బయటికి వచ్చింది. కొంచెం ఊపిరి ఆడుతోంది.

పదకొండో రోజు భోజనానికి పిలిస్తే వెళ్లాను. చౌడక్కే నాకు వడ్డించింది. తర్వాత కొద్దిరోజులకే వాళ్లు మగ్గం తీసేసి ఊరు మారిపోయారు. ఆ రోజు నా విస్తరి ముందు కూర్చుని చౌడక్క నాతో చివరగా అన్న మాట ఇది:

"మొగం అంత పెద్దగా చేసిపెట్టినావు కదా పాపా. అంతమంది చూసినారు. ఒక్కరన్నా ఫోన్ చేయలేదు."