పారేయమన్న లాప్‌టాప్

మా అత్తయ్య లాప్‌టాప్‌ను పారేయమని సలహా ఇచ్చినవాళ్ళు చాలామందే ఉన్నారు. వాళ్ళలో ఒక్కరు కూడా దాన్ని తిరగేసి కింద ఏముందో చూసిన పాపాన పోలేదు. ఆ సలహాదారులకు పెద్ద మా ఆయన. కంప్యూటర్ల ఉద్యోగం చేస్తాడు కాబట్టి ఇంట్లో ప్లగ్గు ఉన్న ప్రతి వస్తువు మీదా ఆయనదే ఆఖరి తీర్పు. మిక్సీ మొరాయించినా దూరం నుంచే ఓ చూపు చూసి, "దీని పనైపోయింది, కొత్తది కొనండి" అనే రకం.

అత్తయ్య బట్టల మీద బ్యాడ్జీలు కుడుతుంది. బడిపిల్లల చొక్కా జేబుల మీద గుర్తులు, నర్సుల కోట్ల మీద పేర్లు, బస్సు డ్రైవర్ల టోపీల మీద చక్రాలు. వీధిలో ఆవిడ అసలు పేరు ఎంతమందికి తెలుసో నాకు అనుమానమే. అందరికీ బ్యాడ్జీలమ్మే. పెళ్ళయిన కొత్తలో చేత్తో అంచులు కుట్టేదట. తర్వాత కాలితో తొక్కే మిషను వచ్చింది. జుట్టు నెరిసి కళ్ళజోడు పడ్డాక, కంప్యూటర్‌తో నడిచే ఎంబ్రాయిడరీ మిషను తెచ్చుకుంది. దాంతోపాటు ఇచ్చిన పుస్తకం మీద వేలు పెట్టి, కూడబలుక్కుని చదివి తనంతట తానే నేర్చుకుంది. మొట్టమొదట అగ్నిమాపక దళం వాళ్ళకి బ్యాడ్జీ కుడితే మంట తలకిందులుగా వచ్చిందట. "ఇదేం నిప్పమ్మా, కిందికి కారుతోంది!" అని వాళ్ళు నవ్వితే తనూ నవ్వి, మొత్తం విప్పి మళ్ళీ కుట్టిచ్చింది. ఇప్పటికీ వాళ్ళ పని ఈవిడ దగ్గరికే వస్తుంది.

ఈ పనికి ముందు బొమ్మను లాప్‌టాప్‌లో గీయాలి. ఏ రంగు దారం ముందు నడవాలి, సూది ఎటునుంచి ఎటు వెళ్ళాలి అన్నది అందులోని సాఫ్ట్‌వేర్ మిషనుకు చెబుతుంది. ఆ సాఫ్ట్‌వేర్‌ను అమ్మినవాళ్ళు అది ఆ ఒక్క లాప్‌టాప్‌లోనే నడిచేలా తాళం వేసి ఇచ్చారు. తాళం వేసిన కంపెనీ మూతపడి చాలా కాలమైంది. వేరే కంప్యూటర్‌లో వేస్తే తెరుచుకోదు. ఇంకో సాఫ్ట్‌వేర్ తెస్తే ఈ మిషనుకు అది అర్థం కాదు. అంటే ఆ లాప్‌టాప్ పోయిందంటే అత్తయ్య పని పోయినట్టే. ఇంట్లో అందరికీ ఈ సంగతి తెలుసు. తెలిసి తెలిసీ "పారేయ్, పారేయ్" అంటుంటే నాకు ఒళ్ళు మండకుండా ఎలా ఉంటుంది?

లాప్‌టాప్ నత్తనడక నడుస్తోందన్న మాట నిజమే, కాదనను. పొద్దున్నే మీట నొక్కి, మొక్కలకు నీళ్ళు పోసి, బట్టలు ఆరేసి వచ్చినా తెర మీద ఆ గుండ్రటి గుర్తు ఇంకా తిరుగుతూనే ఉండేది. బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయింది, ప్లగ్గు తీస్తే అంతే సంగతులు. మా ఆఫీసులో ఇలాంటి ముసలి కంప్యూటర్‌కే హార్డ్ డిస్క్ తీసేసి ఎస్‌ఎస్‌డి పెట్టారు. లోపల గిరగిర తిరిగే పళ్ళెం లేని డిస్క్ అది. పెట్టిన రోజు నుంచి ఆ కంప్యూటర్ లేడిపిల్లలా పరిగెత్తింది. ఆ మాటే ఇంట్లో అన్నాను. మా ఆయన ఉలకలేదు, పలకలేదు. తీరా చూస్తే ఎవర్నీ అడక్కుండా ఒకటి తెప్పించాడు.

అట్ట పెట్టెలోంచి తీస్తే చూయింగ్ గమ్ బిళ్ళలా సన్నటి పట్టీ. "మార్కెట్‌లో దీన్ని మించింది లేదు" అన్నాడు. నిజమే అయ్యుండొచ్చు. కానీ దాన్ని దూర్చడానికి లాప్‌టాప్‌లో గాడే లేదు! అటు తిప్పి ఇటు తిప్పి, చివరికి పట్టీని టీపాయ్ మీద పడేసి తీర్పు చెప్పేశాడు.

"చూశావా అమ్మా, నేను చెప్పలే? ఇది దేనికీ పనికిరాదు. వదిలెయ్."

తప్పుడు సైజు చెప్పులు కొన్నవాడు కాళ్ళని తిట్టడం ఎక్కడైనా ఉందా? "తెచ్చే ముందు ఒక్కసారి మూత విప్పి చూస్తే మీ సొమ్మేం పోయేది?" అని ఇంతెత్తున లేచాను. ఆయన ఫోన్‌లోకి తల దూర్చేశాడు. అత్తయ్య మాత్రం పట్టీని జాగ్రత్తగా పెట్టెలో సర్ది, "వెనక్కి పంపెయ్ రా, పాడవకుండా" అంది. ఆ శాంతం చూస్తే నాకు ఇంకా మండింది.

మర్నాడు లాప్‌టాప్‌ను తువ్వాల్లో చుట్టుకుని ఇద్దరం రిపేరు షాపుకి వెళ్ళాం. షాపతను మూత విప్పి, హార్డ్ డిస్క్ బయటికి లాగి చూపించాడు. చిన్న అగ్గిపెట్టెల వరసలా బల్లపరుపుగా ఉంది. "ఇదే సైజు, ఇదే పిన్ను ఉన్నది కావాలి మేడమ్. పాత లాప్‌టాప్ కదా, ఎంత గొప్పది పెట్టినా ఈ తీగలోంచి వచ్చే వేగం ఇంతే. మామూలుది, మంచి కంపెనీది చాలు." మాట సబబుగానే ఉంది. కాకపోతే లాప్‌టాప్ అత్తయ్యదని చెప్పినా చూపంతా నా వైపే.

"కొత్త దాంట్లో ఎన్ని బొమ్మలు పడతాయి బాబూ?" అని అత్తయ్యే అడిగింది.

"పాత దాంట్లో సగం పట్టేది చాలు మేడమ్" అని నాకు చెప్పాడు.

"వద్దు. ఉన్నదానికంటే కాస్త పెద్దదే ఇవ్వు. కొలతకి సరిగ్గా కత్తిరిస్తే కుట్టుకి గుడ్డ మిగలదు" అందావిడ.

అతను నవ్వి పెద్దదే తీశాడు. "సాయంత్రం రండి. కొత్త విండోస్ వేసి, మీ ఫైళ్ళన్నీ కాపీ చేసి ఉంచుతా. అంతా ఫ్రెష్‌గా ఉంటుంది" అన్నాడు. అత్తయ్య సంతోషంగా తలూపేసి లాప్‌టాప్ అతని వైపు జరిపింది.

"ఆగండత్తయ్యా! ఏమండీ, ఫైళ్ళు సరే, మరి ఎంబ్రాయిడరీ సాఫ్ట్‌వేరో?"

"అది మళ్ళీ వేసుకోవాలి."

"వేసుకోడానికి ఆ కంపెనీయే లేదు."

"అయితే వదిలేయండి మేడమ్. ఈ వయసులో పెద్దావిడకి ఇవన్నీ ఎందుకు?"

పెద్దావిడ ఎదురుగానే ఉంది. చెవులు బ్రహ్మాండంగా వినిపిస్తాయి. నేను నోరు తెరిచేలోపే ఆవిడ లాప్‌టాప్‌ను మళ్ళీ తన వైపు లాక్కుంది. "ఉన్నది ఉన్నట్టుగా ఎత్తి కొత్త దాంట్లో పెట్టడం కుదరదా?"

కుదురుతుందట! దాన్ని క్లోన్ చేయడం అంటారట. ముందే ఎందుకు చెప్పలేదంటే టైం పడుతుందని, షాపులో అంతసేపు పెట్టుకోలేనని నీళ్ళు నమిలాడు. "పాత డిస్క్ నీరసంగా ఉంది. మధ్యలో ఆగిపోతే మళ్ళీ లేస్తుందో లేదో చెప్పలేను" అని హెచ్చరించి, దాన్ని మళ్ళీ లోపల బిగించి, కొత్త డిస్క్‌నూ దాన్ని లాప్‌టాప్‌కి తగిలించే తీగనూ చేతిలో పెట్టాడు. ఎలా చేయాలో నేను రెండుసార్లు చెప్పించుకున్నాను.

ఇంటికొచ్చి అత్తయ్య గదిలో స్టూలు మీద లాప్‌టాప్ పెట్టి క్లోనింగ్ మొదలుపెట్టాం. తెర మీద పచ్చగీత చీమలా పాకుతోంది. నేను డాబా మీద బట్టలు తీయడానికి వెళ్ళాను. పొయ్యి మీద పాలు పొంగుతున్న వాసనొచ్చి అత్తయ్య వంటింట్లోకి పరిగెత్తింది.

ఇక్కడ మామయ్య గురించి చెప్పాలి. ఆయన కరెంటు ఆఫీసులో పనిచేసి రిటైరయ్యారు. ఖాళీ గదిలో స్విచ్ వేసి ఉంటే ఆయనకి ఒంట్లో బాగుండదు. నడుస్తూ నడుస్తూనే ఆయన చెయ్యి గోడ మీదకి పోతుంది, టక్ మంటుంది, ఆ సంగతి ఆయనకే తెలియదు. నేను కాపురానికొచ్చిన కొత్తలో స్నానాల గదిలో ఉండగానే లైటు పోయిన సందర్భాలు కొల్లలు.

నేను బట్టలతో దిగి వచ్చేసరికి గదిలో తెర నల్లగా ఉంది. అత్తయ్య పాలగిన్నె పట్టుకున్న గుడ్డతోనే గుమ్మంలో నిలబడిపోయింది.

"ఎవరు ఆపారు?" అంది.

మామయ్య వరండాలోంచి వచ్చారు. "గదిలో ఎవరూ లేరు కదే..." అని, మా మొహాలు చూసి మధ్యలోనే ఆగిపోయారు.

స్విచ్ వేసి మీట నొక్కాం. లోపల నుంచి టకటకమని చప్పుడు. తెర మీద డిస్క్ దొరకడం లేదని ఇంగ్లీషు ముక్క. మళ్ళీ నొక్కాం. మళ్ళీ అదే. అత్తయ్య మంచం అంచున కూర్చుండిపోయింది. ఆవిడ చేతులు ఖాళీగా ఒళ్ళో పడి ఉండటం నేను అంతవరకూ చూడలేదు.

అప్పుడొచ్చాడు మా ఆయన. "పోనీలేమ్మా. ఒకందుకు మంచిదే. ఎన్నాళ్ళని కుడతావు, విశ్రాంతి తీసుకో. ఈ గది కూడా ఖాళీ అవుతుంది. నా ఆఫీసు పనికి టేబుల్ ఆర్డర్ పెట్టేశాను, ఒకట్రెండు రోజుల్లో వచ్చేస్తుంది."

అదా సంగతి! ఇన్నాళ్ళూ "పాతది, పారేయ్" అన్నది అందుకా! తల్లి పని ఎప్పుడు ఆగుతుందా అని చూస్తూ, ఆగకముందే ఆవిడ గదిలోకి టేబుల్ తెప్పిస్తున్నాడు.

"ఏమండీ, మీది ఆఫీసు పని, ఆవిడది కాలక్షేపమా? మీ చదువు ఫీజులు ఏ మిషను మీద కుట్టి కట్టినవో మర్చిపోయారా?"

"నేను అమ్మ మంచికే..."

"ఒరేయ్." అత్తయ్య గొంతు పెద్దది చేయలేదు. "నాకు విశ్రాంతి కావాలని నిన్ను అడిగానా?"

ఆయన నేల చూపులు చూశాడు.

"అడగలేదు కదా. మరి నువ్వెందుకు నన్ను అడగలేదు?"

ఆయన మెల్లగా జారుకున్నాడు. అత్తయ్య లాప్‌టాప్ ప్లగ్గు తీసి, కాసేపు చల్లారనిద్దామంది. మిషను సూది వేడెక్కి దారం తెంపుతుంటే ఆవిడ అలాగే చేస్తుంది. ఇక్కడ పనికొస్తుందని నాకు నమ్మకం లేదు. ఆవిడకీ లేదనే అనుకుంటాను. వేరే ఏం చేయాలో ఇద్దరికీ తెలియదు, అంతే.

చల్లారాక మీట నొక్కితే మళ్ళీ టకటక. కాసేపటికి ఆ చప్పుడు ఆగింది. ఆ గుండ్రటి గుర్తు వచ్చి తిరగడం మొదలుపెట్టింది. ఎన్నడూ లేనిది, దాన్ని చూసి నాకు ఏడుపొచ్చింది.

క్లోనింగ్ మళ్ళీ మొదటి నుంచి పెట్టాం. ఈసారి మామయ్య తన కుర్చీ ఈడ్చుకొచ్చి స్విచ్ బోర్డుకి అడ్డంగా వేసుకుని కూర్చున్నారు. ఎవరు గుమ్మంలోకి వచ్చినా "అటు అటు" అని కసిరారు. టీ తెచ్చిస్తే గోడకి ఆనుకునే తాగారు. అత్తయ్య ఆయనతో ఒక్క మాట మాట్లాడలేదు. ఆయనా మాట్లాడించే సాహసం చేయలేదు. పచ్చగీత చివరికంటా చేరాక మాత్రం, "ఇప్పుడు లేవొచ్చా?" అని చిన్నగా అడిగారు. "లేవండి" అంది. ఆ ఒక్క మాటకే ఆయన మొహం వెలిగింది.

పాత డిస్క్ తీసి కొత్తది బిగించాం. మీట నొక్కి, అలవాటుగా మొక్కల నీళ్ళ చెంబు కోసం లేచిన అత్తయ్య గుమ్మం దాటకముందే తెర వచ్చేసింది. ఆవిడ వెనక్కి వచ్చి, భయంభయంగా సాఫ్ట్‌వేర్ మీద నొక్కింది. తెరుచుకుంది. తాళం గురించి అడగనేలేదు. ఆగిపోయి ఉన్న నర్సుల పేర్లు ఆ సాయంత్రమే మిషనెక్కాయి. గదిలోంచి ఆ దడదడ చప్పుడు వస్తుంటే మా ఆయన భోజనాల బల్ల దగ్గర చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఆఫీసు పని చేసుకున్నాడు. నాకు జాలి కలగలేదు.

టేబుల్ వచ్చింది. బరువైనదే, నున్నగా పాలిష్ పెట్టినది. ఇద్దరు మనుషులు మోసుకొచ్చి గుమ్మంలో దించి, "ఎక్కడ వేయమంటారండీ?" అన్నారు. మా ఆయన నా వైపు చూశాడు. నేను మామయ్య వైపు చూశాను. మామయ్య స్విచ్ బోర్డు వైపు చూశారు.

అత్తయ్య మెళ్ళో టేపుతో బయటికొచ్చి, టేబుల్ పొడవూ వెడల్పూ కొలిచింది. వేలితో అంచు తడిమి చూసింది.

"నా గదిలోనే, కిటికీ పక్కన వేయండి బాబూ. ఇన్నాళ్ళూ స్టూలు మీద లాప్‌టాప్ పెట్టుకుని వంగి వంగి నడుం పడిపోయింది" అంది. తర్వాత కొడుకు భుజం తట్టింది. "మంచి టేబుల్ కొన్నావురా."